ఎర్ర గుడ్డ కట్టిన బండి

హలో… ఆ, నేనే. చెప్పు చెల్లీ… లేదు, ఇప్పుడే వచ్చి షెడ్డు షట్టరు ఎత్తుతున్నా. మీ బండి బ్రేకుల కోసమే బజారుకెళ్లా…

థ్యాంక్సా? దేనికే?…

రెడీ అయిందని ఎవరన్నారు?… బావా? ఇక్కడికెప్పుడొచ్చాడు?… వెనక గేటు తాళం మీ దగ్గరొకటి ఉంది కదూ. నేనే ఇచ్చా, నా బుద్ధి గడ్డి తిని. ఉండు, చూస్తా…

బండి లేదే ఇక్కడ.

హ్యాండిల్‌కి ఎర్ర గుడ్డ కట్టాను కదే! పని కాని బండికి మా షెడ్డులో అదే గుర్తు… ఏంటీ? సీటు తుడుచుకోమని పెట్టాననుకున్నాడా!…

ఆ, తెలుసులే ఆయన పాట. ఆఫీసుకీ అదే, ఊళ్లు తిరగడానికీ అదే, సోఫాలో కూర్చున్నట్టుంటుంది… దిగుడొస్తే చాలు, ఇంజన్ ఆపేసి జారిపోతాడు. చుక్క పెట్రోలు మిగిలితే అదే పదివేలు ఆ మనిషికి. సరే, ఎటెళ్లాడు?…

కొండ మీదికా.

పాపని ఎక్కించుకునా?…

చెల్లీ, కంగారుపడకుండా విను. ముందు బ్రేకు విప్పేసి ఉంది. ఇదిగో, నా కాళ్ల దగ్గర డబ్బాలో ఉంది… ఆయనకెలా తెలుస్తుందే! ముందు బ్రేకు పడితే పల్టీ కొడతామని జన్మలో దాన్ని ముట్టుకోడు కదా… వెనకదా? అరిగిపోయి రేకు తేలింది. ఊళ్లో అయితే ఎలాగో ఆగుతుంది. ఘాట్‌రోడ్డు మీద… ఏడవకు.

దారుంది. ఇంజన్ ఆన్‌లో ఉంచి, చిన్న గేర్లో దిగాలి. అప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఆ ఒక్క మాట చెబితే చాలు…

ఇందాక చేస్తే ఎత్తలేదా? నడుపుతూ ఎలా ఎత్తుతాడు! పాప దగ్గర ఫోనుందా?… అయితే మీ అత్తగారి ఫోన్లోంచి చెయ్యి. ఇది కట్ చెయ్యకు. రెండూ పక్కపక్కన పెట్టి స్పీకరు ఆన్ చెయ్యి…

మోగుతోందా?…

పాపా! మామయ్యనే! ఎక్కడున్నారు తల్లీ? ఎక్కుతున్నారా, దిగుతున్నారా?…

దిగుతున్నారా… సరే. నాన్న వీపు తట్టి చెప్పు, చిన్న గేరు వెయ్యమను. గేరు! వినపడుతోందా? బ్రేకుని నమ్మొద్దను…

పాపా? గాలి హోరొక్కటే వస్తోందేంటి?

ఇంజన్ చప్పుడేదమ్మా?…

పాపా!…

చెల్లీ… ఆ స్పీకరు ఆపెయ్. నువ్వు వినకు. నా తల్లివి కదూ, ఆ ఫోను అవతల పెట్టెయ్—