నాలుగున్నర గంటల బిళ్ళ

"తాతా, నువ్వు పన్సేసిన ఐసు ఫ్యాక్టరీ గోడ మీద పద్దెనిమిదేళ్ళు నిండనోళ్ళ పనిగంటల గురించి ఒక బోర్డుండీదట కదా. దాని మీద ఏటి రాసుండీది?"

ఏటీ, ఆ బోర్డా? ఇన్నేళ్ళకి నన్ను ఆ మాటడిగినదానివి నువ్వొక్కర్తివే, దివ్యా. కూకో. ఆ స్టూలు మీద కాదు, దానికో కాలు కుదురుగా ఉండదు. మంచమ్మీద కూకో. మీ నానమ్మకి తెలుసా నువ్విక్కడికొచ్చినట్టు? తెలీదులే. తెలిస్తే ఈ హల్దియాపదర్ సందు మొగలోనే నీ కాళ్ళిరగ్గొట్టును. సరే, ఒచ్చీసేవు కదా, టీ తాగు. పాలు లేవు. ఒక్కడికోసం పాలు తెస్తే సాయంత్రానికి ఇరిగిపోతన్నాయి. బెల్లం టీ.

బోర్డంటే... ఆగు, వరసన సెప్పాలి, నేకపోతే నాకే తప్పిపోతాది. నాకిప్పుడు డెబ్బయ్యయిదు. డెబ్బయ్యారేమో. ఇరవయ్యో ఏట గోపాలపూర్ దారిలో ఐసు ఫ్యాక్టరీలో సేరేను. అది ఇప్పుడు లేదు, అక్కడ పెళ్ళిళ్ళ హాలు కట్టీసేరు. నాను సేరిన మర్నాడే మీ నాన్న పుట్టేడు. డ్యూటీ దిగి ఊరెల్తే మా సెల్లి, అదే మీ నానమ్మ, నొప్పులు పడతంది. మంత్రసానిని సైకిలెనకాల కూకోబెట్టుకుని నానే తెచ్చేను. ఆవిడ లావు మడిసి, దారిలో టైరు దిగిపోతే ఇద్దరం నడిసేం, ఆవిడ దారంతా నన్నే తిట్టింది, టైరు నానే కావాలని దించీసినట్టు.

ఎందుకు సెప్తన్నానంటే, మన సేపలోళ్ళ ఊళ్ళో పుట్టిన తేదీ ఎవుడు రాసుకుంటాడు? ఏ తుపానుకి పుట్టేవు, ఎవులింట్లో పడవ కొన్నేడు పుట్టేవు, అదే లెక్క. మీ నాన్నకి నా నౌకరీయే లెక్క. నా సర్వీసు ఎన్నేళ్ళో ఆడి వయసన్నేళ్ళు. ఊళ్ళో ఆ లెక్క తెలిసినోళ్ళం ఇద్దరమే, నానూ మీ నానమ్మా.

నాకు సదువు లేదు. ముప్పై దాటేక రాతిరి బడికెల్లేను. ఒడియా మాస్టరు నా ఏళ్ళు పట్టుకుని దిద్దించేడు. ముందు ఒడియా అక్షరాలు, తరవాత తెలుగు. ఐసు దిమ్మలు లాగే కొక్కెం పట్టిన సెయ్యి కదా, సుద్దముక్క పట్టుకోగానే పుటుక్కుమనీది. "మిస్త్రీ, అది ఐసు కాదు, మెల్లగా" అని నవ్వీవాడు ఆయన. మొండోణ్ణి, ఒదల్లేదు. మా ఆవిడ అనీది, "పగలంతా ఐసు మొయ్యడం, రాతిరంతా అక్షరాలు మొయ్యడం, ఈ మడిసికి ఈపెందుకు పుట్టిందో" అని.

అలగ సదువొచ్చేక నా అంతట నాను సదివిన మొదటిది ఏటనుకున్నావు? ఆ బోర్డు. ఐసు గడ్డకట్టడానికి ఉప్పునీళ్ళు కావాలి. ఆ ఉప్పు బస్తాలు గోడకి పేర్సీవోళ్ళు. బోర్డు ఆ బస్తాల ఎనకాల ఉండీది. ఒకరోజు బస్తాలు తగ్గితే సగం అక్షరాలు కనపడ్డాయి. మిగతా బస్తాలు నానే లాగీసి, రోజుకో రెండు వరసలు, మూడు రోజులు సదివేను.

ఏటి రాసుందంటే, నాకిప్పటికీ కంఠస్తం. పద్నాలుగేళ్ళు నిండనోడు పనిలోకే రాకూడదు. నిండినోడికి డాక్టరు కాయితం ఉండాలి. ఆ కాయితం నంబరున్న బిళ్ళ, పనిలో ఉన్నంతసేపూ ఆడి ఒంటి మీద ఉండాలి. పదిహేను నిండనోడికి రోజుకి నాలుగున్నర గంటలే పని. రాతిరి పని అసలే లేదు. ఆడగుంటలకయితే, పద్దెనిమిది నిండీదాకా, సాయంత్రం ఏడు దాటితే పని లేదు. అది అప్పటి బోర్డమ్మా. ఇప్పుడు సట్టాలు మార్సేరంటన్నారు, కొత్త సంగతి లేబరాఫీసులో అడగాలి, నాను తెలీనిది తెలుసనను.

అప్పటికి మా దగ్గర నలుగురు గుంటలుండీవోళ్ళు. పడవలొచ్చీదాకా, ఒచ్చినా, ఎల్లినా, ఆళ్ళే ఐసు కొట్టాలి. నాను మేనేజరు దగ్గరికెల్లి బోర్డు సంగతి సెప్పేను. "మిస్త్రీ, నీకు సదువొచ్చిందని నాను ఫ్యాక్టరీ మూసెయ్యాలా?" అన్నాడు. "ఒద్దు బాబూ. బోర్డు పెట్టింది మీరే కదా. పీకీండి, నాను సదవడం మానెస్తాను" అన్నాను. పీకితే ఇనిస్పెక్టరొస్తాడు. పీకలేదు. నెల తిరక్కుండా డాక్టరొచ్చేడు, కాయితాలొచ్చేయి, ఇత్తడి బిళ్ళలొచ్చేయి. గోడకి మేకులు కొట్టి బిళ్ళలు తగిలించీ పని నాకే అప్పసెప్పేరు. నా గొప్ప సూడాలి అప్పుడు! ఛాతీ ఇంత. గడియారం సూసి, ఆళ్ళ గంటలవగానే గుంటడి మెళ్ళోంచి బిళ్ళ తీసి మేకుకి తగిలించీసి "ఎల్లరా, ఆడుకో పో" అనీవోణ్ణి.

టీ సల్లారిపోతంది, తాగు.

ఆ తరవాతేడు మీ సొంత తాత సేపల యాటకెల్లి తిరిగిరాలేదు. పడవ ఒచ్చింది, మడిసి రాలేదు. మీ నానమ్మకి నెత్తి మీద బుట్ట, సంకలో నీ మేనత్త. మూడు నెలలు సూసి, ఒకరోజు మీ నాన్నని తీసుకుని ఫ్యాక్టరీకొచ్చింది. ఆవేళ డాక్టరొచ్చీ రోజు. అదీ తెలుసుకునే ఒచ్చింది, తెలివైంది. ఆణ్ణి సూసి నాకు నవ్వాగలేదు. మీ తాత సొక్కా ఏసింది, మోకాళ్ళ దాకా. పైపెదవి మీద కాటుకతో మీసం దిద్దింది! నిజమమ్మా. సన్నగా, ముద్దుగా, పెళ్ళికొడుక్కి బుగ్గ సుక్క పెట్టినట్టు.

డాక్టరు ఒడియా బాబు, తొందరలో ఉన్నాడు. "బయస కేతే?" వయసెంతని. మీ నానమ్మ "అఠర, ఆగ్యాఁ" అంది. పద్దెనిమిది బాబూ అని. పద్దెనిమిదయితే పెద్దోడి పని, పెద్దోడి జీతం, రాతిరి డ్యూటీకి పైడబ్బులు. డాక్టరు పళ్ళు సూళ్ళేదు, మీసం సూళ్ళేదు. కలం కాయితమ్మీద పెట్టీసేడు. మీ నానమ్మ నాకేసి సూసింది. అన్నా, నోరు మూసుకో, అని ఆ సూపు.

నాకు మూసుకోడం సేతకాలేదు.

"డాక్టరుబాబూ, ఆగండి. నాకు పద్నాలుగేళ్ళ సర్వీసు. నాను సేరిన మర్నాడు పుట్టేడు ఈడు" అన్నాను. డాక్టరు బొటనేలితో ఆడి మూతి మీద రాసేడు. మీసం ఏలికొచ్చీసింది.

అందరూ నవ్వేరు. నానూ నవ్వేను. మీ నాన్న ఏడిసేడు.

ఆడికి నాలుగున్నర గంటల బిళ్ళ ఇచ్చేరు. బైటికొచ్చేక మీ నానమ్మ అడిగింది, మెల్లగానే అడిగింది, "అన్నా, నీ రూలు మంచిదే. మిగతా గంటల బియ్యం ఎవులిస్తారు?" అని. నాను బోర్డు మీదున్నది మళ్ళీ సెప్పేను. సూడు, అది అడిగింది బియ్యం, నాను సెప్పింది బోర్డు. మాకు పిల్లల్లేరు. నానూ మా ఆవిడా ఇద్దరమే, నా జీతం మాకు మిగిలీది. మర్నాడు సంచీడు బియ్యం మోసుకెల్తే సరిపోయీది. తోసలేదనుకున్నావా? తోసింది. అబద్ధమాడిందని కోపం. ముందు అదొచ్చి మాటాడనీ, అప్పుడిస్తానని కూకున్నాను. మొండోణ్ణని సెప్పేను కదా.

మీ నాన్న నెలా పది రోజులు సేసేడు. రోజూ గంట కొట్టగానే బిళ్ళకి సెయ్యి సాపీవోణ్ణి. "మావా, ఇంకొక్క గంట" అని రెండు సేతుల్తో బిళ్ళ గట్టిగా పట్టుకునీవాడు. ఆ ఏళ్ళు ఒక్కొక్కటే ఇప్పీవోణ్ణి. "గడియారం సూడరా" అనీవోణ్ణి.

ఒక పొద్దున్న ఎల్లేసరికి బిళ్ళ మేకుకి తగిలించుంది. ఆలీసంగా ఒస్తాడేమో అనుకున్నాను. ఎవుడో దళారీ ఎనక సూరత్ రైలెక్కీసేడు. అక్కడ మగ్గాల దగ్గర వయసడిగే డాక్టరు లేడు, బోర్డు లేదు. పన్నెండు గంటలు. ఒక్కోరోజు ఎక్కువే. పద్నాలుగేళ్ళోడు. మగ్గాల మోతకి మీ నాన్న సెవులెలగయిపోయేయో నీకు నాను సెప్పక్కర్లేదు.

మీ నానమ్మ ఆవేళ్టినుంచి నాతో మాటాడదు. ఊరు ఒగ్గీసి ఈ ఊళ్ళో ఎండుసేపలమ్ముకుంటంది కదా, ఒడియావోళ్ళు సుఖువా అంటారే, అవి. సోమవారం, బేస్తవారం ఆళ్ళు నీసు ముట్టరు. అందుకని నాను మంగళారం ఎల్తాను. ప్రతి మంగళారం. "నెత్తళ్ళెంత?" అంటాను. ధర సెప్తాది. అదొక్కటే మాట. రూపాయికి దోసిలితో ఇచ్చిన రోజుల్నుంచి అడుగుతున్నాను, ఇప్పుడు వంద నోటిస్తే సిన్న పొట్లం. బేరమాడితే ఇంకో మాట అంటాదేమోనని ఒకసారి ఆడి సూసేను. పొట్లం ఎనక్కి తీసీసుకుంది. నాకు బీపీ, ఉప్పుసేప తినొద్దన్నాడు డాక్టరు. తెచ్చినవి పక్కింటోళ్ళకిచ్చెస్తాను. మా ఆవిడ పోయినప్పుడు ఒచ్చింది. ఆడోళ్ళల్లో కూకుని గొల్లుమని ఏడిసింది, నా ఎదురుగుండా నడిసి ఎల్లిపోయింది.

మీ నాన్న పెళ్ళికి పిలవకపోయినా ఎల్లేను. బాజాల్లో ఆడి సెవి దగ్గరికెల్లి, "నానే తప్పు సేసేన్రా" అన్నాను. నవ్వి తలూపేడు. ఇనపడిందో, సెవుల్లేనోళ్ళు అందరికీ ఊపినట్టు ఊపేడో, ఇప్పటికీ తెలీదు.

ఏదీ, ఆ గళాసిలాగివ్వు. ఆగు. ఏటీ, ఆ ఏళ్ళిలాగున్నాయేటి? సూపించు. తెల్లగా నానిపోయి, కొసల్లో పగిలిపోయి... ఈ ఏళ్ళు నాకు తెలుసు. ఇవి ఐసునీళ్ళలో నానిన ఏళ్ళు. ఎక్కడ సేస్తన్నావు?

"రొయ్యల షెడ్డులో తాతా. ఒలవడం. రాతిరి పదవుతాది. పుస్తకంలో నాకు పంతొమ్మిదని రాసుకున్నారు."

నీకు పదహారు. సూరత్ నుంచి మీ నాన్న డబ్బు రావట్లేదా? మగ్గాలు మూసేరా... అదా. అయితే నువ్వు సరదాకడగలేదన్నమాట బోర్డు సంగతి. ముందే సెప్పొచ్చు కదే, నాను ముసిలోణ్ణి ఊరికే వాగుతున్నాను. మీ నానమ్మకి తెలీకుండా సేస్తన్నావా?

"తెలుసు తాతా. నానమ్మే పంపింది."

ఎక్కడికి పంపింది? షెడ్డుకా?

"ఇక్కడికి."

ఏటీ? మీ నానమ్మే? ఇదిగో, అది ఏ మాటన్నాదో ఆ మాటే సెప్పు. నీ మాటలు కలపకు.

"'మీ తాత దగ్గరికెల్లు. ఆడు అబద్ధమాడడు' అంది."

ఉండు. కళ్ళద్దాలు మసకయిపోనాయి. తుడుసుకోనీ.

ఆడు అబద్ధమాడడు. అలగన్నాదా.

సరే, ఇను. ఎల్లుండి నానూ నీతో ఒస్తాను, ముందు లేబరాఫీసుకి, తరవాత షెడ్డుకి. పదహారని నానే సెప్తాను. తిడతారు, తిట్టనీ, అలవాటే. ఏడింటికి నువ్వింటికొచ్చెస్తే జీతం తగ్గుతాది కదా, ఆ తగ్గిన బియ్యం నా ఇంట్లోంచి. నోర్ముయ్, నువ్వు ఒద్దనకు. ఆవేళ నోరొక్కటీ ఏసుకెల్లేను, ఇప్పుడు సంచీ కూడా మోస్తాను, ఈపింకా ఉంది.

రేపు మంగళారం. బజారుకెల్తాను. నెత్తళ్ళ ధర అడగను. బియ్యం సంచీ బుట్ట పక్కన దించీసి నిలబడతాను. అది ఏటన్నా అననీ. ఏటీ అనకపోయినా నిలబడతాను.

ఇక లే గుంటా. నూరేళ్ళు సల్లగా బతుకు. ఆ ఏళ్ళకి కొబ్బరినూనె రాసుకో. బేగి ఎల్లు, ఏడు కొట్టకముందే ఇంట్లో ఉండాలి. ఇదిగో, మీ నానమ్మకి సెప్పు, అన్న... కాదు, నువ్వేటీ సెప్పకు. రేపు నానే...