బడి గరిటె

“పక్కింటి యాకమ్మ చెప్పింది చెల్లె, బడి వంట ఇగ నువ్వే చేస్తవట గదా! వంట గంజులు, గరిటెలన్నీ నీకే అప్పజెప్పిండట బడి సారు.”

కరోనాకు మూతపడ్డ బడి సోమవారం తెరుస్తారు. నర్మెట్ట దగ్గరి ఆ ఊళ్లో పన్నెండేళ్లు బడి పిల్లలకు వండిపెట్టిన పెద్దకోడలు, నల్లా దగ్గర చిన్నకోడలిని నిలేసింది.

“నేనేం అడగలేదక్కా. టీకా ఏసుకున్నోళ్లే వంటింట్ల అడుగుపెట్టాలన్నడు. నేను రెండూ ఏసుకున్న.”

“ఎప్పుడేసుకున్నవ్? టీకాలేసే నర్సమ్మ ఊళ్లెకొచ్చిననాడు నా ఎంబడే పత్తిచేన్లకు ఉరికితివి గదా!”

“ఉరికిన. తెల్లారి నర్మెట్ట దవాఖానకు ఒక్కదాన్నే పోయిన.”

“నాకొక్క మాట చెప్పకపోతివి. నా గరిటె మీద కన్నేసే పోయినవ్!”

“చెప్తే పోనిస్తుంటివా?”

“నీ పప్పు పోరగాండ్లు నోట్ల పెడ్తరా? నీళ్లల్ల దేవులాడుకోవాలె పలుకులు.”

“గింత బాధెందుకక్కా, నువ్వు గూడ ఏసుకో. రేపు నేనే తోల్కపోత.”

“ఇయ్యాల మొదటిదేసుకుంటే రెండోదానికి మూడు నెల్లాయె. అప్పటికి పోరగాండ్లు నీ చేతి రుచి మరుగుతరు. నన్నెవరు అడుగుతరు?”

“ఇప్పుడే గద నా పప్పు నీళ్లంటివి!”

“ఎటకారమా? నా నోటికాడి ముద్ద గుంజుకున్నవ్. నువ్వు బాగుపడవ్.”

“అక్కా, టీకా ఏసుకున్నోళ్లు రెండేండ్లల్ల సస్తరని ఊరంత చాటింది నువ్వే గదా. రెండేండ్లు ఓపిక పట్టు, గరిటె నీకే వస్తది.”