మా ఇల్లు మారలేదు

అధ్యక్షులు గోపాలరావు సారుకు, పెద్ద ఉద్యోగం మీద ఢిల్లీ వెళ్తున్న డాక్టర్ ఆమని మేడమ్‌కు, నాచారం పెద్దలకు, కుర్చీలు చాలక వెనక నిలబడ్డ మా బస్తీ ఆడవాళ్లకు సాలమ్మ దండాలు. నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే మేడమ్ దిద్దుతారు.

మా గర్భిణుల మీద మూడేళ్లు పరిశోధన చేశారు మేడమ్. మా ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో నాకంటే వారికే బాగా తెలుసు. నా బిడ్డ సంతోషి ఏడో నెల కడుపుతో ప్యాకింగ్ కంపెనీలో పొద్దంతా నిలబడి, ఇంటికొచ్చి నడుం వాల్చిందో లేదో, ట్యాబు పట్టుకొని దిగారు. నూట పన్నెండు ప్రశ్నలు!

"వారంల ఎన్నిసార్లు పండ్లు తింటవమ్మా?"

"మీరొచ్చినప్పుడల్లా తింటున్న మేడమ్, మీరు తెచ్చిన అరటిపండే."

(నవ్వులు)

నవ్వండి, నవ్వించడం దానికి బాగా వచ్చు. ఆ రోజు మేడమ్ కింద కూర్చొని దాని వాచిన పాదాలు చేత్తో నొక్కి చూశారు. "డాక్టరమ్మ నా కాళ్లు ముట్టుకున్నదే అమ్మా" అని రెండు రోజులు చెప్పుకుంది. అబద్ధమెందుకు, మేడమ్ మంచివారే.

కాన్పయిన పూటే రక్తం ఆగక దవాఖానలో నా బిడ్డ పోయింది. పసిదాన్ని ఎత్తుకొని దినాలకు ఊరికి పోయాం. ఆ పదకొండు రోజుల్లో మేడమ్ మనుషులు మూడుసార్లు వచ్చి, తాళం చూసి పోయారట.

ఈ రోజు మీరు విడుదల చేసిన మేడమ్ పరిశోధన పుస్తకాన్ని, సభ కోసం ముందే వచ్చిన కట్టలోంచి తీసి, మా పక్కింటి ధనశ్రీ మొన్ననే చదివి వినిపించింది.

"మన బస్తీల బాలింత చావులు సున్నా అని రాసిన్రు పెద్దమ్మా."

"మరి మన సంతోషి?"

"వెనక పట్టీల మీ ఇంటి నంబరు పక్కన ఇల్లు మారింది అని ఉన్నది."

ఏ ఇంటికి మారిందో అడ్రసు కూడా రాస్తే, పసిదాన్ని తీసుకుపోయి చూపించి వచ్చేదాన్ని కదా!



ఉప్పల్‌లో ఉన్న మేడమ్ పరిశోధన ఆఫీసుకు పోయి, ఫారాలు చూసే విక్రమ్ సారును అడిగాను.

"మూడుసార్లు తాళముంటే అట్లనే రాయాలె, రూలు."

"పక్కింట్ల అడగొద్దా సారూ?"

"ఆ ప్రశ్న ఫారంల లేదమ్మా."

నూట పన్నెండులో అదొక్కటే లేదు!

మేడమ్‌కు శాలువా కప్పమని నన్ను పిలిచారు. కప్పుతాను. ముందు ఆ సున్నా కొట్టేసి ఒకటి వేయండి మేడమ్. పేరు సంతోషి, వయసు ఇరవై రెండు. పెన్ను ధనశ్రీ ఇస్తుంది. నేనిక్కడే నిలబడతాను.

ఓపికగా విన్నారు, మీ అందరికీ దండాలు. మేడమ్ రాయడం అయ్యాక నాకు సెలవు.