దోమ తాగిన పూలు

త్రిపురారం కాలువ పక్కన కోత అయిన పొలంలో, ఎరువు కోసం గొర్ల మందను నిలిపారు. మంద కాసే తండ్రికి మలేరియా. దోమల మీద పరిశోధన చేసే కూతురు సాయంత్రం మాత్రలు తెచ్చింది.

“నాయినా, దోమలు నెత్తురొక్కటే కాదు, పూలల్ల తేనె గూడ తాగుతయి.”

“గట్లనా! తంగేడు పూల మీద గూడ వాల్తయా?”

“వాల్తయేమో. ఏం తాగినయో దాన్నిబట్టి వాటి కడుపుల కంటికి కనపడని పురుగులు మారుతయి. అండ్ల కొన్ని మలేరియా పురుగును బతకనియ్యవు.”

“అయితే నన్ను కుట్టిన దోమ జర పూలు తాగితే, నా జరం దాని కడుపులనే ఖతమైతదా?”

“ఒక్కోసారి అయితది, ఒక్కోసారి కాదు. ఎందుకడుగుతున్నవ్?”

“ఊకెనే.”

“ఇంటికెందుకొస్తలేవు? నా బిడ్డను తీసుకొచ్చినప్పటి సంది ఒక్కసారన్న ఎత్తుకోకపోతివి.”

“గీడ నన్ను కుట్టిన దోమ పోయి గొర్రెను కుడ్తది. గొర్రెకు మన జరం రాదని నువ్వే అంటివి.”

“నాయినా...”

“ఇంట్ల అయితే పక్కన పసిపిల్ల ఉంటది.”

“దానికి దోమతెర కట్టిన. నీకూ ఒకటి తెచ్చిన. రా, పోదాం.”

“తెర గీడనే కట్టు. మాత్రలన్నీ అయినంక వస్త. అందాక ఈ దోమలను పూలే తాగనియ్యి.”