గుమ్మటం కింద మీ తాత

“అవ్వా, పట్నంల ఆ గుమ్మటం సిన్మాహాలు తాతనే కట్టిండంట, నిజమేనా?”

ఒక్కడే కడ్తడానే పిచ్చిదానా! మన మల్దకల్ దిక్కు నుంచి ముప్పై మందిమి పోయినం. ముప్పై గాదు, మా ఆడబిడ్డ మొగడు గూడ ఉండె... పోనీ తియ్. నేను తట్ట మోస్తుంటి, మీ తాత కర్రలు నిలబెట్టే మేస్త్రి. గుమ్మటమంటే ఏమనుకున్నవ్? నడుమ ఒక్క కంభం ఉండొద్దు. కింద కర్రలు, వాటి మీద పలకలు పరిచి, పైన సిమెంటు మాలు పోయాలె. అంచుకాడ ఓ మూలకు పలక సాలలే. కలిపిన మాలు ఆగుతదా? గుడిసెల నేను కూసోని వండుకునే పీట తెచ్చి ఇరికిచ్చిండు, మూల విరిగిన పీట. నేనేడ కూసోవాలె అని మస్తు తిట్టిన.

మా పనోళ్లల్ల ఒక కట్టుబాటు ఉంటుండె. మాలు గట్టిపడి కర్రలు పీకేనాడు, నిలబెట్టిన మేస్త్రి కిందనే ఉండాలె. నేను బయట కొంగు నోట్ల కుక్కుకొని నిలబడ్డ. ఆఖరి కర్ర తీసిన్రు. లోపల మీ తాత రెండు చేతులు ఫట్టున చరిసిండు. అబ్బబ్బ, ఆ సప్పుడు గుమ్మటమంత తిరిగి మళ్ల ఆయన తానకే వచ్చె! “నిలబడ్డదే!” అని అరిసిండు. నాకు ఏడ్పాగలే.

హాలు తయారైనంక నీకు చూపిస్తనే అన్నడు. ఏడ చూపిచ్చిండు? ఇంకో పనికాడ కండ్లల్ల సున్నం పడె. దవాఖానలన్ని తిరిగినం, చూపు రాలే. ఇగ నేనే ఆ హాలుకు తీస్కపోయిన. గుడ్డోనికి సిన్మా ఏందే అని నవ్విన్రు, నవ్వనీ.

పర్ద గద్వాల కోటగోడంత ఉంది బిడ్డా. అండ్ల మబ్బులు, సముద్రం, మనమే తేలుతున్నట్టు... కలనో నిజమో తెల్వలే నాకు. మీ తాతేమో నడిమిట్ల ఫట్టున చేతులు చరిసిండు. జనం సిన్మాకే అనుకొని వాళ్లు గూడ కొట్టిన్రు! ఆయన మొఖం మాత్రం చిన్నబోయె. “సప్పుడు మర్లి వస్తలేదే. గిది మనది గాదు, నన్ను ఏడికో తెచ్చినవ్” అన్నడు. గోడలకు మెత్త గుడ్డలు కొట్టిన్రు, సప్పుడు అవే మింగుతున్నయ్. చెప్తే ఇంటడా మొండోడు?

చెయ్యి పట్టుకొని మీది మెట్లదాక ఎక్కిచ్చిన. ఆడ గుమ్మటం అంచు చేతికందుతది, గుడ్డ గూడ లేదు, ఉత్త సిమెంటు. జర జర తడుముకుంట పోయిండు. ఓ మూలకు చెయ్యి ఆగింది. మళ్ల తడిమిండు, సిమెంటుల విరిగిన మూల అచ్చు అట్లనే దిగి ఉంది.

“గిది నీ పీటనే!” అన్నడు. గోడకు చెంప ఆనిచ్చి నిలబడ్డడు. సిన్మా అయిపోయినా కదల్లే, నేను రమ్మనలే.

సల్లగుండు బిడ్డా. నువ్వు పట్నం పోతే ముందు ఆ మెట్లెక్కు. కుడిదిక్కు మూల, నీ చెయ్యికి గూడ అందుతది...