మూడింటికి లేపమన్న మత్తయి

రా అమ్మా షారోనూ, కూర్చో. ఆ స్టూలు మీద కాదు, దాని కాలు ఊగుతుంది. ఇలా పడక్కుర్చీలోకి రా. ఊఁ, ఇప్పుడు చెప్పు. సోమవారం నించి పరీక్షలు, అవయ్యేదాకా రోజూ తెల్లవారుజామున మూడింటికి నేను ఫోన్ చేసి నిన్ను లేపాలి, అంతేనా? అలారం పెడితే నొక్కేసి పడుకుంటున్నావు, మాస్టారికి ఎలాగూ నిద్రుండదు కాబట్టి ఆ పని మాస్టారికి అప్పజెబుదామని. నిద్రుండదన్నది నిజమేలే. మీ సరోజ మామ్మ పోయిన దగ్గర్నించీ మూడింటికల్లా లేచి కాఫీ పెట్టుకుంటాను, సగం తాగి పారబోస్తాను. అయినా నేను లేపనమ్మా. మొహం అలా పెట్టకు. పొద్దున్న మీ అమ్మ దేవకుమారి వచ్చి చెప్పి వెళ్ళింది. గూడెం కాలేజీ నించి వచ్చిన పిల్ల మూడు రోజులుగా ముద్ద ముట్టట్లేదు మాస్టారూ, ఒకే పేజీ గంటసేపు చూస్తోంది, పలకరిస్తే ఉలిక్కిపడుతోంది అని. మీ అమ్మా నా దగ్గరే చదివింది, ఎక్కాలు అప్పజెబుతూ పదమూడో ఎక్కం దగ్గర నిద్రపోయేది. ఎందులో ఉన్నాను? ఆఁ, లేపడం. ఇదివరకు ఒకణ్ణి అలా లేపాను. మత్తయి అని.

మేమిద్దరం ఏలూరులో బీఎస్సీ. ఒకటే గది, కిటికీ తీస్తే కాలవ. వాడిది కొల్లేటికోట అవతల లంక. ఆ లంకలో డిగ్రీ దాకా వచ్చింది వాడొక్కడే. ఆదివారం చర్చిలో వాడి పేరు చెప్పి మరీ ప్రార్థన చేసేవారట. ‘ఊరంతా నాకోసం మోకాళ్ళ మీదుందిరా పాండూ, నేను పడుకుంటే ఏం బాగుంటుంది’ అనేవాడు. మహా నవ్వించేవాడులే. మెస్సు సాంబారులో ములక్కాడ దొరికినవాడికి ఫస్టు క్లాసు ఇచ్చెయ్యాలనేవాడు. అలాంటివాడు ఫైనలియర్ పరీక్షలు దగ్గరకొచ్చేసరికి బిగుసుకుపోయాడు. మూడింటికి లేపమన్నాడు. బతిమాలతాను, వినకు. తిడతాను, వినకు. కుండలో నీళ్ళు మొహాన కొట్టు. మాటియ్యి, అన్నాడు. ఇచ్చాను. వారం గడిచాక, చదివింది నిలవట్లేదురా, రెండింటికి లేపు అన్నాడు. నిలవకపోతే పడుకోవాలి కదా? అది ఇరవయ్యేళ్ళ వయసులో ఎవడికి తడుతుందమ్మా, నాకూ తట్టలేదు. మూడో పేపరు నాడు నీళ్ళు పట్టుకెళ్తే, కళ్ళు తెరవకుండానే నా చెయ్యి పట్టుకున్నాడు. ‘ఒరేయ్ పాండూ, ఇవాళ్టికి వదిలెయ్యరా.’ చెయ్యి కాలిపోతోంది. కొట్టాను నీళ్ళు. హాల్లో నా ముందు బల్ల వాడిది. అరగంట సేపు కలం కదల్లేదు. లేచి తెల్లకాగితం ఇచ్చేసి వెళ్ళిపోయాడు. నేను మాత్రం మూడు గంటలూ కూర్చుని రాశాను. గదికొచ్చేసరికి వాడి ట్రంకుపెట్టె లేదు. రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. మా నాన్న గణపవరంలో... సరే, అది వేరే కథ. నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. వెళ్ళి చూడాలని ఏటా అనుకుంటూనే ఉన్నాను. మొహం చెల్లక వెళ్ళలేదు.

తొంభయ్యొకటిలో జనాభా లెక్కల డ్యూటీ పడింది, ఆ లంకల్లోనే. ఆ రోజు కాలం కాని కాలంలో మబ్బు పట్టి ఉంది. ఓ చేపల చెరువు గట్టు మీద పాకలో కూర్చుని ఉన్నాడు మత్తయి, కాపలాకి. జుట్టు నెరిసిపోయింది. చేపల మేతకి తవుడూ చెక్కా కలిపిన బస్తాలు పక్కనే కట్టి ఉన్నాయి, పడవ ఒడ్డునే ఉంది. ఏం మాట్లాడాలో తెలీక, మేత వెయ్యలేదేం అని అడిగాను. ‘మబ్బు కదండీ’ అన్నాడు. ‘ఇలాంటప్పుడు నీళ్ళల్లో గాలి తక్కువ. మేత వేస్తే చేపలు తినలేవు, అది అడుగున కుళ్ళి, ఉన్న కాస్త గాలి కూడా లాగేస్తుంది. తెల్లారేసరికి చేపలు తలలు పైకెట్టి నోళ్ళు తెరుస్తాయండీ. మబ్బు రోజున ఊరుకోవడమే పని.’ చేపల సంగతేనమ్మా వాడు చెప్పింది. ఎత్తిపొడుపేం లేదు. నాకు గుచ్చుకున్నది ఆ ‘అండీ’. కాగితం తీసి, తెలిసిన పేరే మళ్ళీ అడిగి రాసుకున్నాను. చదువు అన్న గడి దగ్గర ఆగాను. ‘రాయడం చదవడం వచ్చని రాసుకోండి పాండురంగారావు గారూ’ అన్నాడు. అలాగే రాశాను. క్షమించరా అందామని దగ్గరకి వెళ్ళినవాణ్ణి, సంతకం చెయ్యండి అని వచ్చేశాను. రెండేళ్ళకి జ్వరమొచ్చి పోయాడట. ఆకివీడులో చేపల లారీ దగ్గర ఎవరో మాటల్లో అన్నారు, అప్పటికే నెల దాటింది.

ఇచ్చిన మాట కోసం లేపానని సరోజకి చెప్పాను, అందరికీ అలాగే చెప్పాను. అది అబద్ధం. ఊరంతా పడుకున్నాక ఒక్కణ్ణే దీపం ముందు కూర్చోవాలంటే నాకు భయం. ఎదురుగా ఇంకో మనిషి కావాలి. వాడు చెయ్యి పట్టుకున్నప్పుడు, వీడు పడుకుంటే నేను ఒక్కణ్ణయిపోతాననే నీళ్ళు కొట్టాను. ఇప్పుడు నువ్వొచ్చి మూడింటికి ఫోన్ చెయ్యమన్నావు చూడు, ముందు ఎంత సంతోషమేసిందో. ఆ వేళప్పుడు నాకూ ఒక గొంతు వినిపిస్తుంది కదా అని. అందుకే చెయ్యనమ్మా. విన్నావా? షారోనూ.

అమ్మాయ్.

ఎవరూ, దేవకుమారివా? మెల్లిగా రా. తట్టకు, పిలవకు. ఇప్పుడే నిద్ర పట్టింది. కాస్త ఆ కిటికీ రెక్క వెయ్యి, ఎండ మొహమ్మీద పడుతోంది.