అగ్గిపెట్టెల పట్టిన డేరా

కోరుట్ల బస్టాండు ఎదురుంగ అంజి చాయ్ దుకానం. దాని పక్క మడిగె నాది, జిరాక్స్ షాపు. కరెంటు పోతే నేను చాయ్ దుకాన్లనే ఉంట, కరెంటు ఉన్నా ఆడనే ఉంట. నా పేరు భాస్కర్. గీ ముచ్చట మొన్న ఆదివారం పొద్దుగాల పదకొండు గొట్టంగ జరిగింది.

సర్కారు బడిల సైన్సు సారు అభినవ్ ఉన్నడు గదా, ఆయన మే నెల సెలవులల్ల హిమాలయాల మీది నేషనల్ పార్కుకు పోదామని పన్నెండు మందికి ప్లాను చేస్తున్నడు. ఆరు రోజులు కొండలెక్కుడు, డేరాలల్ల పండుడు, మంచుల నడుసుడు. పదకొండు మంది అయిండ్రు. ఒక్క సీటు మిగిలింది. ఆ సీటు మీద రామస్వామి మామకు మనసు పడ్డది. నాలుగు రోజుల సంది అభినవ్ ఎటు పోతే అటు పోతున్నడు, గూగుల్ల కొండల ఫోటోలు తీయించుకోని చూస్తున్నడు.

మామకు యాభై ఎనిమిదేండ్లు. దుబాయిల మస్తు ఏండ్లు చేసి, నిరుడు ఇంటికొచ్చి పసుపు పంట ఏసుకుంటున్నడు. మనిషి బంగారం. కని ముచ్చట చెప్పవట్టిండంటే పట్టపగ్గాలుండయి. చెరువుల పట్టిన చేప ఇంటికొచ్చేసరికి మొసలి అయితది.

ఇక్కడనే చిక్కొచ్చింది. తీసుకపోయే కంపెనీది ఫోన్ల నింపే ఫారం, అండ్ల యాభై ఐదేండ్లు దాటినోళ్ళకు ఒక కాలమ్ ఉన్నది. కొండల మీదనో, గట్టి సలిలనో ఉన్న అనుభవం ఉన్నదా, ఎక్కడ, ఎన్ని రోజులు. అది నింపకపోతే ఫారం ముందుకు పోదు. గా దినమే పన్నెండు గంటలకు ఫారం బంద్ అయితది.

"మామా, ఎన్నడన్నా కొండలెక్కినవా?" అని అభినవ్ ఫోన్ చూసుకుంటనే అడిగిండు.

"ఎక్కినవా అంటే... పెద్దగ చెప్పుకునేది కాదురా. ఒక్కపారి పోయిన, గంతే. నేను, మా దోస్తు భూమన్న, ఇంక ఇద్దరు. నాలుగు రొట్టెలు కట్టుకున్నం, ఎక్కినం, దిగినం, అయిపాయె. అంజీ, నా చాయ్ ల చక్కెర తక్కువెయ్యి."

గక్కడ ఆగితే బాగుండు. కని అభినవ్ "జర సక్కగ చెప్పు మామా, రాయాలె" అన్నడు. రాయాలె అన్న మాట చెవున వడంగనే మామ బెంచీ మీద కాళ్ళు మడిచి కూసున్నడు.

"రాస్తవా? అయితే మొదటికెల్లి చెప్త, రాస్కో. కొండకు పోవుడు ఎవ్వలన్న పోతరు, ప్లాను ఉండాలె. మీరేమో ఫోన్ల ప్లాను చేస్తరు, నేను లగ్గం పత్రిక ఎనుక రాసిన, దినాం ఏం చెయ్యాలెనో. ముందుగాల ప్రాక్టీసు. కొండగట్టు మెట్లెక్కిన. ఉత్తగ ఎక్కిన్నా? నెత్తి మీద యాభై కిలోల పసుపు బస్త పెట్టుకోని ఎక్కిన. మొదటి దినం ఒకపారి, రెండో దినం పదిపార్లు, వారం తిరిగేసరికి లెక్క పెట్టుడు ఇడిసిపెట్టిన, ఇగ అటెన్క ఎనుకకు నడుసుకుంట ఎక్కుడు మొదలువెట్టిన. ఆడి కోతులు ముందు నా ఎంబడి ఉరికినయి, తర్వాత అలిసిపోయి మెట్ల మీద కూలవడ్డయి. అండ్ల ఒక ముసలి కోతి లేసొచ్చి దాని చేతిల ఉన్న కొబ్బరి చిప్ప నాకిచ్చింది, తినురా కొడుకా అన్నట్టు."

"బస్తల పసుపు ఉండెనా మామా, ఊక ఉండెనా?" అన్నడు అంజి.

"నువ్వు చాయ్ వడవోసుకో. ఇగ డేరా. అభినవ్, మీ కంపెనీ డేరా ఎన్ని కిలోలు?"

"మూడు, మూడున్నర ఉంటది."

"మూడున్నర కిలోలు మోస్తరా ఎవలన్న? నేను సీద సిరిసిల్ల బస్సెక్కిన. అగ్గిపెట్టెల పట్టే చీర నేసిన ఊరు గది, గా ఊరోళ్ళకు డేరా ఒక లెక్కనా? ఒక ముసలాయన మగ్గం మీద ఉన్నడు. 'తాతా, చీర కాదు, నలుగురు పండే డేరా కావాలె, అగ్గిపెట్టెల పట్టాలె' అన్న. ఆయన నన్ను కిందికెల్లి మీది దాక చూసి, 'పుల్లలు ఉంచి పట్టాలెనా, తీసి పట్టాలెనా?' అన్నడు. పనిమంతుడంటే గట్లుండాలె! 'ఉంచే పట్టాలె' అన్న. ఇరవై రోజులు నేసిండు. నేను పోయి చూస్తే మగ్గం మీద ఏం కనవడ్తలేదు. 'ఏది తాతా?' అంటే 'చెయ్యి పెట్టి చూడు' అన్నడు. చెయ్యి పెడితే మెత్తగ తాకింది. గంత సన్నం."

నాకు నవ్వాగలేదు. "మరి దాన్ల పుల్లలు పట్టినయా?"

"పట్టినయా అంటవేంది భాస్కర్, ఇంక నాలుగు పుల్లలకు జాగ మిగిలింది. అది జేబుల ఏసుకున్నం, రైలెక్కినం, రైలు దిగి బస్సెక్కినం, బస్సు దిగి పార్కు గేటు కాడికి పోయినం. ఆఫీసరు కుర్చీల కూసున్నడు. 'గైడ్ లేకుంట లోపటికి ఇడువం' అన్నడు హిందీల. 'గైడ్ ఎందుకు సాబ్, మేం కోరుట్లోళ్ళం' అన్న. ఇగ ఆయన ఇంకో మాట మాట్లాడలే, లేసి గేటు తీసిండు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"ఏమైంది?" అన్నం అందరం. అభినవ్ ఫోన్ల టైం చూసుకున్నడు.

"మంచు! మోకాలు లోతు కాదురా, నా నడుము దాక. కాలు పెడితే దిగవడ్తున్నది. భూమన్న 'ఇగ వాపసు పోదాం' అని ఏడుపు మొకం పెట్టిండు. నేను దబ్బున సంచి ఇప్పిన. మా ఇంటామె ఎల్లవ్వ కట్టిచ్చిన బియ్యప్పిండి రొట్టెలు, సర్వపిండి ఉండె, సలికి ఇనుప రేకు లెక్క అయి కూసున్నది. సర్వపిండికి బొక్కలెందుకు పెడ్తరో ఎరుకేనా మీకు?"

"నూనె పోసెతందుకు" అన్నడు అంజి.

"మీ తెలివి అంతనే. ఆ బొక్కలల్లకెల్లి తాడు దోపి కాళ్ళ కింద కట్టిన. నలుగురికి ఎనిమిది కాళ్ళు, ఎనిమిది సర్వపిండ్లు. బాతులు నీళ్ళ మీద పోయినట్టు పోయినం పో! ఆకలైతే కాలు లేపుడు, ఒక పక్క కొరుకుడు, మళ్ళ నడుసుడు."

"కాలి కిందివి తిన్నరా మామా?" అని అంజి మొకం అదో తీరుగ పెట్టిండు.

"మంచు శుభ్రంగనే ఉంటదిరా, నీ గ్లాసుల కన్న."

అందరం నవ్వినం. మామ కూడ నవ్వి, చాయ్ ఒక గుటక తాగి, గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకున్నడు. ఇగ సలి ముచ్చట ఎత్తుకున్నడు. ఈ ముచ్చట మాత్రం గొంతు పెంచకుంట చెప్పిండు.

"సలి అంటే మీకు తెల్వది. ఆడ ఉత్త చేతితోని ఇనుము ముట్టద్దు, తోలు అంటుకుంటది. గుంజితే తోలే ఊడొస్తది, మెల్లగ ఊపిరి ఊదుకుంట తియ్యాలె. బాల్ పెన్ను రాయది, పెన్సిల్ పెట్టుకోవాలె. ఫోన్ బనీను లోపట ఉండాలె, లేకుంటే బ్యాటరీ సస్తది. మీసం మీద ఊపిరి గడ్డ కడ్తది, చేతితోని తుడవద్దు. ఒళ్ళు చెమట పట్టనియ్యద్దు, చెమటనే దుష్మన్, ఆగినవంటే అదే గడ్డ కడ్తది. ముందుగాల ముక్కు మండుతది, ఏళ్ళు మండుతయి. మండుతున్నన్ని సేపు ఫికర్ లేదు. మండుడు బందైతే గప్పుడు భయపడాలె."

మూల బెంచీ మీద పేపరు సదువుతున్న భూమేశ్ గప్పుడు తలెత్తి చూసిండు. గీయన ముచ్చట్ల భూమన్న కాదు, మామకు బామ్మర్ది వరుస; ఈయన కూడ దుబాయిలనే ఉంటడు, రెండు నెలల చుట్టీ దొరికి ఇంటికొచ్చిండు. మామ దిక్కు జరసేపు చూసి, మళ్ళ పేపర్ల తల పెట్టిండు.

"మామా, ఇంక పదిహేను నిమిషాలే ఉన్నది" అన్నడు అభినవ్.

"అయిపాయె, ఇగ కొన కాడికే వస్తున్న. నడిపొద్దుకు సగం కొండ ఎక్కినం. ఎదురుంగ ఎలుగుబంటి! నిలవడితే గీ బస్టాండంత ఉన్నది. నాకు భయం లేదు, దాని తోని హిందీల మాట్లాడుదామనే అనుకున్న. కని భూమన్నకు భయమైతే బీడి తాగాలె. జేబుల చెయ్యి పెట్టిండు, అగ్గిపెట్టె తీసిండు. ఏ అగ్గిపెట్టె?"

"డేరా అగ్గిపెట్టె!" అని అంజి అరిసిండు. పాల గిన్నె ఇడిసిపెట్టి ముందుకొచ్చిండు.

"శెభాష్! నేను వద్దురా అనేలోపట తీసేసిండు. బట్ట బయటికి దుంకింది. నలుగురు పండే డేరా నెయ్యమన్న గదా, ముసలాయనకు చెయ్యి ఆగలేదో ఏమో, నాలుగు మండలాలు పండే డేరా నేసిండు. వస్తున్నది, వస్తున్నది, వచ్చుడు అయిపోతలేదు. గాలి పట్టింది. నేనొక కొస పట్టుకున్న, భూమన్న నా కాళ్ళు పట్టుకున్నడు, మిగిలిన ఇద్దరు వాని కాళ్ళు పట్టుకున్నరు, ఆఖరుకు ఎలుగుబంటి కూడ వాళ్ళను పట్టుకున్నది. పాపం, దాన్ని ఒక్కదాన్ని ఇడిసిపెట్టి పోతమా? లేసినం! రెండు కొండలు దాటినం, మూడో కొండ కొన మీద దిగినం. ఆడికెల్లి చూస్తే ఏం కనవడ్డదో ఎరుకేనా? ధర్మపురి కాడ గోదావరి! జర ఇటు తిరిగితే గీ బస్టాండు, గీ దుకానం, పొయ్యి మీద పాలు. 'అంజీ, పాలు పొంగుతున్నయిరా' అని ఫోన్ చేస్తి, యాదున్నదా?"

"అప్పుడు నా దుకానమే లేదు మామా."

"గందుకే మరి నువ్వు ఫోన్ ఎత్తలే."

అంజి పొయ్యి కాడికి పోయి పాలు చూసొచ్చిండు.

"కొన మీద ఎత్తు రాసిన బోర్డు ఒకటుంటది. నేను ఎక్కి నిలవడ్డంక సర్కారోళ్ళు ఐదడుగుల ఆరంగుళాలు కలిపి మళ్ళ రాసిండ్రు."

"మరి డేరా ఏమైంది మామా?" అన్న నేను.

"దాన్ని మడత పెట్టుడు ముసలాయనకే వస్తది, మాకు రాకపాయె. ఆడనే ఇడిసిపెట్టి వచ్చినం. ఇప్పటికీ గా కొండ తెల్లగ ఉంటది. మీరు ఫోటోలల్ల చూసి మంచు మంచు అంటరు. యాడి మంచురా? సిరిసిల్ల బట్ట గది! రాస్కో."

దుకానమంత నవ్వులు. అంజి జాలి గంటెతోని గిన్నె మీద కొట్టిండు. అభినవ్ కూడ కండ్లల్ల నీళ్ళొచ్చేదాక నవ్విండు గని, ఫోన్ మీద ఒక్క అక్షరం కొట్టలేదు.

"మామా, కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి అడుగుతరు" అన్నడు. "ఝూట రాస్తే పదకొండు మందిది క్యాన్సిల్ అయితది. నా మీద ఒట్టు, ఒక్క మాట చెప్పు. కొండకు పోయినవా?"

"భూమన్నను అడుగు."

"భూమన్న ఏడి?"

"బొంబాయిల ఉన్నడు. ఫోన్ ఎత్తడు."

"ఏ సాలు పోయినవ్?"

"రెండువేల పదిహేను అనుకో."

భూమేశ్ పేపరు మడిచి పక్కకు పెట్టిండు. "పదిహేనుల నీ మంచం నా మంచం కింద ఉండె బావా. కంపెనీ రూముల. మూడేండ్లు నీకు చుట్టీ దొరకలే. కొండ చూడలే, గుట్ట చూడలే."

మళ్ళ అందరం నవ్వినం. మామ మాత్రం నవ్వలేదు. గ్లాసు బెంచీ మీద పెట్టిండు, తువ్వాల భుజం మీద ఏసుకోని లేసిండు. ఆయన మొకం చూసి నాకు మనసు చివుక్కుమన్నది. ఎప్పుడు ఎన్ని కోతలు కోసినా మేం పట్టుకుంటే ఇంకోటి అల్లెటోడు, గీపారి అల్లలేదు.

"కూసో బావా, నా మాట కాలేదు" అన్నడు భూమేశ్. "అభినవ్, కొండ ఝూట, కోతి ఝూట, ఎలుగుబంటి ఝూట. కని సలి ముచ్చట చెప్పిండు సూడు, ఇనుము ముట్టద్దన్నడు, పెన్ను రాయదన్నడు, మండుడు బందైతే భయపడాలె అన్నడు. గండ్ల ఒక్క మాట ఝూట లేదు. బయట యాభై డిగ్రీల ఎండ, లోపట మైనస్ పద్దెనిమిది. కోళ్ళు, చేపలు పెట్టే కోల్డ్ స్టోరు. దినాం గా సలిల డబ్బలు మోసిండు. నేను కూడ గా పనికే పోయిన, నెల రోజులు చేసి సాతగాక డ్రైవర్ పనికి మారిన. చేతికి గ్లౌజులు ఎట్ల తొడగాలెనో నాకు నేర్పింది గీయననే."

అభినవ్ ఫోన్ల ఫారం కాలమ్ ఇంకోపారి సదివిండు. "కొండల మీదనో, గట్టి సలిలనో" అని మెల్లగ అనుకున్నడు. దబదబ కొట్టుడు మొదలువెట్టిండు.

"ఎన్నేండ్లు చేసినవ్ మామా?"

"పద్నాలుగు" అన్నడు మామ, నిలవడ్డ కాడనే.

"పదహారు" అన్నడు భూమేశ్.

మేం మామ దిక్కు చూసినం. గీ మనిషి నోట్లెకెల్లి లెక్క తక్కువొచ్చుడు మేం ఎన్నడు ఇనలేదు.

"ఆఖరి రెండేండ్లు ఎందుకు కలుపుతవ్ భూమేశ్?" అన్నడు మామ. "గప్పుడు నేను సలిల లేను. సూపర్వైజర్ చేసిండ్రు గదా, బయట కుర్చీల కూసోని నలభై మందికి డ్యూటీలు ఏసిన. అది రాయద్దు."

అభినవ్ పద్నాలుగు అనే రాసిండు. ఫారం ముందుకు పోయింది, పన్నెండో పేరుగ మామది ఎక్కి దాని కింద పచ్చ గీత వడ్డది.

"సూపర్వైజర్ అయినవా మామా?" అన్న నేను. "గిన్ని ముచ్చట్లు చెప్పినవ్, గీ ఒక్క ముచ్చట మాకెందుకు చెప్పలే?"

మామ తువ్వాల తీసి మళ్ళ బెంచీ మీద కూసున్నడు.

"చెప్తే నమ్ముతుంటిరా?" అన్నడు.